జన్మము, పరిసరము, మానవధర్మము

ఒక యింట వ్యాధి ప్రవేశించినప్పుడు తరచుగా మందుకంటె ముందు పుట్టు ప్రశ్న "ఇది యెవరి దోషము?" అన్నది. కొందరు పూర్వజన్మ కర్మ యందురు. కొందరు తల్లి వంశమును వేలెత్తి చూపుదురు. మరికొందరు రోగి నడవడినే నిందింతురు. నేటి వైద్యశాస్త్రము వ్యాధికి గల వంశానుగత కారణములను, పరిసర కారణములను తూచి చూచుచున్నది. ఆ తూనిక ఈ నిందలను సమర్థించునా, ఖండించునా అన్నది విచారింపదగిన విషయము.

హైదరాబాదులో ఈ విచారణకు పాత చరిత్రయే కలదు. మూసీ తీరమున పాతబస్తీ అంచున నున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కాలమున, 1888, 1889 సంవత్సరములలో, క్లోరోఫారము వలని మరణములకు హేతువేమో తెలిసికొనుటకై నిజాము ప్రభుత్వ వ్యయముతో రెండు విచారణ సంఘములు పనిచేసినవి. డాక్టరు ఎడ్వర్డ్ లారీ అందుకు ప్రధాన ప్రేరకుడు. శ్వాసను గమనించుచున్నచో భయము లేదని వారు తేల్చిరి. ఆ మందు గుండెను నేరుగా ఆపగలదని తరువాతి పరిశోధనలు నిరూపించినవి. మందును గురించి అంత శ్రమించిన ఆ కాలమునకు, మందు పుచ్చుకొనువాని జన్మమును పరీక్షించు సాధనము మాత్రము లేదు.

నేడు ఆ సాధనము కలదు. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకు సక్సామిథోనియము అను మందు వాడుదురు. దాని ప్రభావము సాధారణముగా కొద్ది నిమిషములలో తొలగును. కాని రక్తమున ఒక ఎంజైము లోపించినవారికి అది గంటలకొలది నిలిచి శ్వాస స్తంభించును. ఈ లోపము వైశ్యులలో ఇతరులకంటె సుమారు 100 రెట్లు అధికమని గుర్తింపబడినది. ఇచట దోషమెవరిది? ఆ లోపముతో పుట్టినవాడు ఆ మందు సోకనంతవరకు జీవితమంతయు ఆరోగ్యముగానే యుండును. ఆ మందు లోపము లేనివానికి హాని చేయక దిగిపోవును. రెండును కలిసిననాడే ఆపద. ముందుగా తెలిసినచో వైద్యుడు వేరు మందు వాడును; ఆపదయే లేదు.

ఇట్టి లోపములు కొన్ని సమూహములలో పేరుకొనుటకు కారణమేమి? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి 2017లో ప్రకటించిన అధ్యయనమున దక్షిణాసియాలోని 263 సమూహములను పరిశీలించిరి. వానిలో 81 సమూహములు కొద్దిమంది పూర్వుల నుండి విస్తరించి, తరతరములుగా తమలో తామే వియ్యమందినవని తేలినది. కుల మెంత పెద్దదైనను, లోపలి రక్తము కొద్దిమందిదే కావచ్చును. పవిత్రత యనుకొని కట్టిన గోడ, లోపలివారికే భారమైనది.

12వ శతాబ్దమున కల్యాణ నగరమున మధువరసుని కుమార్తెకును, హరళయ్య కుమారునకును వివాహము జరిగినదని శరణుల చరిత్ర చెప్పుచున్నది. బసవేశ్వరుడు దానిని జన్యుశాస్త్రము కొరకు సమర్థింపలేదు. మనుష్యుని విలువ జన్మమున లేదన్న ధర్మము కొరకు సమర్థించెను. శాస్త్రము ఆలస్యముగా వచ్చి ఆ ధర్మమునకు తనదైన సాక్ష్యము చెప్పుచున్నది.

అయితే జ్ఞానము కొత్త అంటరానితనము కారాదు. తలసీమియాను తీసికొనుడు. ఆ లక్షణమును మోయువారు రోగులు కారు. దంపతు లిరువురును మోయువారైనప్పుడు ప్రతి గర్భమునను బిడ్డకు తీవ్రవ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వచ్చుటచేతనే వ్యాధి కలుగును. కనుక కోడలి నొక్కతెనే నిందించు ఆచారమునకు ఆధారము లేదు. అట్టి బిడ్డకు కొద్ది వారముల కొకసారి రక్తము ఎక్కించవలెను. 1998లో హైదరాబాదున స్థాపితమైన తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ నాటినుండి ఇట్టి పిల్లలకు తోడుగా నిలిచినది.

వివాహమునకు ముందు పరీక్ష చేయించుకొనుట మేలు. ఫలితమును జీవితభాగస్వామికి దాచుట అధర్మము. వీధిలో చాటి ఒక కన్యకు సంబంధములు రాకుండ చేయుట అంతకంటె అధర్మము. ఒకరు మోయువారైనంత మాత్రమున సంబంధము విరువనక్కరలేదు. ఇరువురును మోయువారైనచో వైద్యుల సలహాతో నిర్ణయించుకొను స్వేచ్ఛ వారిదే.

జన్మముతో వచ్చినదానికి ఎవరును దోషులు కారు. పరిసరముతో వచ్చినదానికి సమాజమంతయు బాధ్యురాలు. నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారిది కర్మ యనుట, మంచినీ రందింపవలసినవారిని విడిచిపెట్టుటయే యగును. తెలియని కాలమున నింద అజ్ఞానము. తెలిసిన పిమ్మట అది పాపము. ఎవరి దోషమని వెదకుట మాని, ఎవరి కర్తవ్యమని అడుగుట నేర్చుకొన్నప్పుడే ఈ విద్య సార్థకము. దాసోహ భావముగల వాడు ఒక సీసా రక్తమిచ్చునప్పుడు అది ఏ కులపు బిడ్డకు చేరునో అడుగడు. అడుగకుండుటయే ఆ దానమునకు ప్రాణము.