ఊగే చెయ్యి ఎవరిది?

హాలియా మీదుగా పోయే బస్సు నాగార్జునసాగర్‌లో దిగబెడుతుంది. అక్కడ లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. ఆ కొండకు పేరైన తాత్త్వికుడు నాగార్జునుడు అక్కడే ఉన్నాడని శాసనాలేవీ రుజువు చేయలేదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. కానీ ఆయన మూలమధ్యమక కారికల్లో రెండో ప్రకరణం నడక గురించే. నడకను పక్కన పెడితే నడిచేవాడంటూ విడిగా మిగలడని దాని సారం. వినడానికి ఇది మాటల గారడీలా ఉంటుంది. పార్కిన్సన్స్ రోగి ఇంట్లో మాత్రం అలా ఉండదు. పొద్దున కొయ్యబారిన ఒళ్లు ఎల్-డోపా మాత్ర పడ్డాక వదులవుతుంది. ఏళ్ల తరబడి వాడాక చాలామందికి, అదే మాత్ర పనిచేస్తున్న వేళ భుజం మెలితిరుగుతుంది, మెడ ఊగుతుంది, కలిపిన ముద్ద నోటిదాకా రాకుండానే ఒలుకుతుంది. ఇది పూర్వజన్మ పాపమని ఒకరంటారు, గాలి సోకిందని ఇంకొకరంటారు. ఇద్దరూ వెతికేది ఒక కర్తనే.

ఎల్-డోపా మెదడులో డోపమిన్‌గా మారుతుంది. ఆ డోపమిన్ విరిగినప్పుడు పుట్టే పదార్థాల్లో 3-మెథాక్సీటైరమిన్ ఒకటి. 1963లో స్వీడన్‌లో కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్ అనే శాస్త్రవేత్తలు మానసిక రోగుల మందులు ఎలుకల మెదడులో దీన్ని పెంచుతున్నాయని గమనించి, ఆ మందులు డోపమిన్‌కు అడ్డుపడుతున్నాయని ఊహించారు. అప్పటికిది ఆనవాలు మాత్రమే, వడ్లు దంచాక మిగిలిన ఊక లాంటిది. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో అదే ఊకను ఎలుకల మెదడులోకి ఎక్కిస్తే, అవి తమ ప్రమేయం లేకుండా మెలికలు తిరిగాయి. మనుషుల్లోనూ అంతేనని దీన్నిబట్టి తేల్చలేం. అయినా ఒక సంగతి తెలిసింది: కదలికకు ఇంత చిన్న తునక కూడా కారణం కాగలదు.

అంతా రసాయనమే అయితే ఇష్టపడి ఎత్తిన చెయ్యి కూడా రసాయనమే కదా, ఇక తప్పొప్పులెక్కడివి? ఇది గట్టి ఆక్షేపణే. ఇష్టపడి ఎత్తిన చేతి వెనకా, మందు ఊపే చేతి వెనకా డోపమిన్ ఉన్న మాట నిజం. కానీ కొట్టడానికి లేచిన చెయ్యి ఒక మాటకు, సిగ్గుకు, భయానికి ఆగుతుంది. మందు ఊపే చెయ్యి ఎంత తిట్టినా ఆగదు. తేడా పదార్థంలో లేదు, ఆ చెయ్యి దేనికి లొంగుతుందన్న దాంట్లో ఉంది. చేతన, అంటే సంకల్పం, ఉన్నదే కర్మ అని బుద్ధుడు పెట్టిన గీత సరిగ్గా ఇక్కడే పడుతుంది. రోగి ఊగడం కర్మ కాదు. అది చూసి వెక్కిరించడం కర్మ, డోసు సరిచూడకపోవడం కర్మ. నాగార్జునుడు చలనాన్నే కాదన్నాడు, ఆయన్ను మందుల గొడవలోకి లాగడమెందుకని పండితులు అడగవచ్చు. ఆయన కాదన్నది కారణాలను వదిలి తనంతట తాను నిలిచే చలనాన్ని. కారణాల మీద ఆనుకున్నదాన్ని కాదు. కాబట్టి అడగాల్సింది 'ఎవరు' అని కాదు, 'దేనివల్ల' అని. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, మాత్ర ఎన్నింటికి వేశారో, ఊగడం ఎన్నింటికి మొదలైందో ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. మాత్రను మాత్రం మీ అంతట మీరే ఆపకండి.