టకటక చప్పుడు, తర్కసంగ్రహం

తాళం తిప్పితే కారు టకటకమంటుంది, ఇంజిన్ తిరగదు. బ్యాటరీ పోయిందని పక్కింటాయన తీర్పు. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే అనే అనుమాన ప్రమాణమిది.

కానీ టెర్మినళ్లకు తుప్పు పట్టినా అదే చప్పుడు. సాధ్యం (నిరూపించాల్సిన విషయం) లేనిచోట కూడా కనబడే ఇలాంటి హేతువును (గుర్తును) తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సవ్యభిచారం అన్నాడు. అందుకే మెకానిక్ మల్టీమీటర్ పెడతాడు. 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టే. చూపు తుప్పు మీదికి మళ్లుతుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. తెలిసింది నిజమేనని తెలిసేదెలా? మీమాంస దర్శనం వారికి జ్ఞానం స్వతఃప్రమాణం, అంటే తనకు తానే రుజువు. తర్కవాదులైన నైయాయికులు మాత్రం పని జరిగితేనే ఒప్పుకుంటారు. మెకానిక్కులందరూ (వాళ్లకు తెలియకపోయినా) నైయాయికులే! అయితే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చెడితే, కొత్త బ్యాటరీతో కదిలిన కారు కూడా కొద్ది రోజుల్లోనే మొరాయిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా మీటరు 14 వోల్టుల దగ్గర నిలిచిందో లేదో చూశాకే డబ్బులివ్వండి.