సాయంత్రానికి దిగిపోయేవాళ్ళం

"ఎవరు చేసింది వాళ్ళే అనుభవిస్తారు" అని పెద్దలు అంటారు. ఇంట్లోనూ బడిలోనూ చిన్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. కానీ ఒకరు చేసింది ఇంకొకరు అనుభవించే చోట్లు కూడా ఉన్నాయి. నేను చేసిన తప్పు ఎప్పటికీ నా దాకా రాదని తెలిసినప్పుడు నేను సరిగ్గా ఎందుకు నడుచుకోవాలి? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదివితే రాలేదు. అంతరగంగ కొండ మీద వచ్చింది.

అంతరగంగ గురించి మన జిల్లాలో తెలియనివాళ్ళు ఉండరు. కోలారు ఊరికి ఆనుకునే శతశృంగ కొండలు ఉన్నాయి. నూరు శిఖరాలు అని ఆ పేరుకు అర్థం. మెట్లెక్కి పోతే కాశీ విశ్వేశ్వరస్వామి గుడి వస్తుంది. అక్కడ రాతి బసవన్న నోట్లో నుంచి నీళ్ళు కోనేట్లోకి పడుతూ ఉంటాయి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా లేని జిల్లా మనది. అందుకే ఆ ధార అంటే అందరికీ అంత భక్తి. సీసాల్లో పట్టుకుని ఇంటికి తీసుకుపోతారు.

ఈ సంక్రాంతి అయినాక ఒక ఆదివారం మేమూ పోయినాం. నాయన, అమ్మ, పెద్దమ్మ, పెద్దమ్మ కూతురు అక్క, నేను. రాబర్ట్‌సన్‌పేట నుంచి బంగారుపేట మీదుగా కోలారుకు బస్సులో పోయి, అక్కడి నుంచి ఆటోలో కొండ కిందికి చేరుకున్నాం. మోకాళ్ళ నొప్పితో ఇంట్లోనే ఉండిపోయిన మా అవ్వ కోసం నేను బసవన్న దగ్గర సీసా నింపుకున్నాను. నింపే ముందు చెప్పులు విడిచి దండం కూడా పెట్టుకున్నాను.

పెద్దవాళ్ళు గుడి దగ్గరే కూర్చున్నారు. అక్కా నేనూ చిత్రాన్నం డబ్బా, చిప్స్ ప్యాకెట్లు తీసుకుని ఇంకా పైకి ఎక్కినాం. ఇంటికంటే పెద్ద బండలు, వాటి కింద గుహలు, పక్కకు తిరిగితే తప్ప దూరలేని సందులు. అవి దాటినాక గాలి చల్లగా తగిలింది. రెండు బండల మధ్య ఒక దొణ కనబడింది. వాన నీళ్ళు నిలిచిన రాతి గుంట. పెద్దదేమీ కాదు, మా తరగతి గదిలో సగం ఉంటుందేమో. నీళ్ళలో ఆకాశం కనబడుతోంది. హిమాలయాల్లో మంచు కొండల మధ్య సరస్సుల ఫోటోలు చూసి ఎప్పటికైనా పోవాలని అనుకునేదాన్ని. ఆ రోజు ఈ దొణే నా సరస్సు అయింది. అక్కడే కూర్చుని తిన్నాం.

తిన్నాక నేను రెండు పనులు చేసినాను. నూనె డబ్బాను ఆ దొణలోనే కడిగినాను. రెండు చిప్స్ కవర్లను మడిచి బండ సందులోకి తోసినాను. పారేసినట్టు కనబడకుండా బాగా లోపలికి తోసినాను. అంటే అది తప్పని నాకు అప్పుడే తెలుసు. తెలియక చేసినానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మేం లేచేసరికి ఒక ఆమె మేకలను తోలుకుంటూ వచ్చింది. కొండ మీదే తేరహళ్ళి లాంటి ఊళ్ళున్నాయి. ముందు వచ్చిన మేక నీళ్ళ దగ్గర మూతి పెట్టి, తాగకుండా తల ఎత్తేసింది. నీళ్ళ మీద పసుపు రంగు నూనె తేలుతోంది. ఆమె అది చూసి, నా చేతిలో తడి డబ్బాను చూసింది.

"ఏ ఊరు మే మీది?" అనింది.

"రాబర్ట్‌సన్‌పేట."

"కొంచెం దూరంగా పొయ్యి కడుక్కోకూడదా? మా మేకలు తాగేది ఈ నీళ్ళే కదా. మీరు సాయంత్రానికి దిగిపోతారు. మేం ఈడే ఉండాల."

కోపంగా అనలేదు. నేను తల ఊపి దిగి వచ్చేసినాను. కవర్ల మాట ఆమెకు తెలియదు. బస్సుకు టైమవుతోందని నాకు నేనే చెప్పుకుని వాటిని తీయకుండానే వచ్చేసినాను. ఇంటికి వచ్చి అవ్వకు సీసా ఇచ్చినాను. అవ్వ కళ్ళకు అద్దుకుని తాగింది.

కొండ మీద పడిన వాన అంతా ఒక్కసారిగా పారిపోదు. కొంత బండల పగుళ్ళలోకీ మట్టిలోకీ ఇంకి, మెల్లగా కింద ఊటగా బయటికి వస్తుంది. పైన ఉన్నదీ కింద ఉన్నదీ ఆ కొండ నీళ్ళే. కింద దండం పెట్టిన చేతులతోనే పైన నూనె డబ్బా కడిగినాను. కింద గుడి ఉంది, పది మంది ఉన్నారు. పైన ఎవరూ లేరు. నా భక్తి నీళ్ళ మీదనా, చూసేవాళ్ళ మీదనా?

రెండు నెలల తర్వాత ఎండాకాలం గాలి మొదలయింది. మన ఊళ్ళో ఆ గాలి అంటే ఏమిటో చెప్పనక్కర లేదు. సైనైడ్ దిబ్బల దుమ్ము లేచి వాకిట్లోకి, వంటింట్లోకి, ఆరేసిన బట్టల మీదికి వస్తుంది. అవ్వ రోజుకు మూడుసార్లు ఊడుస్తుంది. ఒకరోజు చీపురు పట్టుకుని, "బంగారం ఎత్తుకుపోయినోళ్ళు ఎత్తుకుపోయినారు, ఈ దుమ్ము మాత్రం మన నెత్తిన పోసినారు" అనింది. ఈ మాట అవ్వ ఎన్నోసార్లు అనింది. ఆ రోజు మాత్రం నాకు మేకల ఆమె మాట గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకటే మాట అన్నారు.

1880లో ఇంగ్లండు కంపెనీ వచ్చి ఇక్కడ గనులు నడపడం మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మధ్యలో 800 టన్నుల బంగారం బయటికి పోయిందని చెబుతారు. బంగారం తీసినాక మిగిలిన పొడి ఇక్కడే గుట్టలుగా ఉండిపోయింది. వాళ్ళు చేసింది వాళ్ళు అనుభవించలేదు, మేం అనుభవిస్తున్నాం. ఇది అన్యాయమని నేను గట్టిగా వాదించగలను. కానీ కొండ మీద నేను చేసింది కూడా అదే కదా? నాకు కావలసిన అందం, చల్లగాలి తీసుకున్నాను. నాకు అక్కరలేనిది అక్కడ వదిలేసినాను. కొలతలో చాలా తేడా ఉంది. బుద్ధిలో తేడా ఉందా అని వెతికితే నాకు కనబడలేదు.

ఈ సంగతి నా స్నేహితురాలికి చెబితే, "రెండు కవర్లతో కొండకు ఏమైపోతుంది?" అనింది. లెక్క వేసి చూసినాం. ఆదివారానికి వంద మంది వచ్చి, మనిషికి ఒక్క కవరు వదిలినా ఏడాదికి 5,200 అవుతాయి. ఆ వంద మందిలో ప్రతి ఒక్కరూ "నాది ఒక్కటే కదా" అని అనుకుంటారు.

"అయితే ఎవరూ పోకుండా ఉంటే సరిపోతుంది కదా?" అనింది. దీనికి జవాబు చెప్పడం కష్టమయింది. హిమాలయాల్లో ఉత్తరాఖండ్‌లో రూప్‌కుండ్ అనే సరస్సు ఉంది. సుమారు 5,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ వందలమంది పాతకాలపు మనుషుల ఎముకలు ఉన్నాయి. చూడడానికి పోయినవాళ్ళు కొందరు ఆ ఎముకలను కూడా గుర్తుగా ఎత్తుకుపోయినారు. అంత చలిలో చెత్త తొందరగా కుళ్ళదు కూడా. ఆ దారిలో ఉన్న పచ్చిక మైదానాలను బుగ్యాల్ అంటారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్ళలో రాత్రిపూట బస చేయకూడదనింది. పోయేవాళ్ళు 200 మందికి మించకూడదనింది. పోనే పోకూడదని మాత్రం అనలేదు. నాకు ఇది సరైనదే అనిపించింది. నేను ఆ కొండకు పోకుండా ఉండి ఉంటే దొణ ఉందని తెలిసేది కాదు, దాన్ని పాడుచేసినానన్న బాధా ఉండేది కాదు. తెలియని చోటు మీద ప్రేమ ఎట్లా వస్తుంది? పైగా మా తాత కూడా పని కోసం చిత్తూరు వైపు నుంచి ఈ ఊరికి వచ్చినవాడే. ఎక్కడికీ ఎవరూ పోకూడదంటే మేమే ఇక్కడ ఉండం.

పోవడం తప్పు కాదు. పోయిన చోటు మనది కాదు కాబట్టి అక్కడ ఏం చేసినా పరవాలేదని అనుకోవడం తప్పు. నిజానికి ప్రతి ఊరూ ఇంకొక ఊరికి ఎగువనే ఉంటుంది. మన గనుల ఊరికి నీళ్ళిచ్చిన బేతమంగళం చెరువు పాలారు మీద ఉంది. ఆ పాలారు మనల్ని దాటి ఆంధ్రలోకి, తర్వాత తమిళనాడులోకి పోతుంది. మనకు ఎగువన ఉన్నవాళ్ళు మనల్ని తలుచుకోవాలని ఆశపడతాం. దిగువన ఉన్నవాళ్ళను మనం తలుచుకోకపోతే ఆ ఆశకు అర్థం ఏముంది?

నేను మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన జవాబు ఇది. ఫలితం నా దాకా రాకపోయినా ఎవరో ఒకరి దాకా పోతుంది. ఆ ఒకరికి ముఖం ఉంటుంది, మేకలు ఉంటాయి. కొత్త చోటికి పోయినప్పుడు ఒక మాట అడుగుకోవాలని పెట్టుకున్నాను: "రేపు కూడా నేను ఈ నీళ్ళే తాగాల్సి వస్తే ఈ పని చేస్తానా?" చేయను అని వస్తే చేయకూడదు. చూసేవాళ్ళు ఉన్నారా లేదా అనేది దీనికి అడ్డం రాదు.

ఆ రెండు కవర్లు ఇంకా అక్కడే ఉంటాయి. వ్యాసం రాసినంత మాత్రాన అవి బయటికి రావు. వచ్చే సెలవుల్లో మళ్ళీ పోదామని నాయనను అడిగినాను, సరే అన్నాడు. బండలన్నీ ఒకే మాదిరి ఉంటాయి కాబట్టి ఆ సందు దొరుకుతుందో లేదో చెప్పలేను. దొరకకపోతే వేరేవాళ్ళు తోసినవి రెండయినా తీసుకుని దిగుతాను.