లోకులు పలుగాకులు

పేరు లేకుండా ఉత్తరం రాసేవాణ్ణి మనం ఆకాశరామన్న అంటాం. ఫ్రాన్సు వాళ్ళు ‘కాకి’ అంటారు. ఆ మాట అక్కడ స్థిరపడింది ఒక సినిమా వల్ల. 1943లో ఆంరీ జార్జ్ క్లూజో తీసిన ఆ సినిమా పేరు ‘ల కొర్బో’, అంటే బొంతకాకి. లోకులు పలుగాకులని మనవాళ్ళు ఎన్నడో అననే అన్నారు కదా అని నవ్వుకుంటూ చూడ్డం మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో!

ఒక చిన్న ఊరు. ఇక్కడో, మరెక్కడో అని మొదట్లోనే చెప్తాడు. అంటే మన జగిత్యాలా కావచ్చు, నిర్మలూ కావచ్చు. అక్కడి డాక్టరు మీద ‘కాకి’ సంతకంతో ఉత్తరాలు రావడం మొదలవుతుంది. తరవాత అందరికీ, అందరి మీదా ఉత్తరాలే. ఆస్పత్రిలో ఉన్న ఓ రోగికి, నీ జబ్బు నయమయ్యేది కాదని రాస్తుంది కాకి. అతను క్షవరం కత్తితో ప్రాణం తీసుకుంటాడు. ఓ శవయాత్రలో బండి మీంచి ఒక ఉత్తరం జారి పడుతుంది. దాన్ని చూస్తూనే తప్పుకుని నడుస్తారు జనం. చివరికి ఒకరు తియ్యనే తీస్తారు. అది చూశాక, కాకి ఎవరన్న కుతూహలం నాకు తగ్గిపోయింది. రాసేవాళ్ళ సంగతి సరే, ఆ తీసేవాళ్ళ సంగతేమిటి?

ఇది ఉత్త కట్టుకథ కాదు. ఫ్రాన్సులోనే త్యూల్ అనే ఊరిని 1917 నుంచి 1922 దాకా ఇలాంటి ఉత్తరాలు పీడించాయి. చివరికి డిక్టేషన్ చెప్పి రాయించి, దస్తూరీ పోల్చి, రాసింది ఒక స్త్రీ అని తేల్చారు. సినిమా తీసేనాటికి ఫ్రాన్సు జర్మన్ల చేతిలో ఉంది. పొరుగువాళ్ళ మీద అధికారులకి దొంగచాటు ఉత్తరాలు వెళ్తున్న రోజులు. తీసిన కంపెనీ కూడా జర్మన్లదే. దేశానికి విముక్తి వచ్చాక, ఇది మనజాతికే అవమానమని సినిమాని నిషేధించారు. క్లూజోని కొన్నాళ్ళు పని చెయ్యనివ్వలేదు.

మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కూడా ఆకాశరామన్నకి పెళ్ళిళ్ళంటే మహా ఇష్టం. నేనెరిగిన ఒక పిల్లకి సంబంధం ఖాయమయ్యాక, మగపిల్లవాడి ఇంటికి ఒక కార్డు వచ్చింది. ఆ తల్లి చెడ్డమనిషేం కాదు. “ఉట్టిగనే రాస్తరా అక్కా? నిప్పు లేంది పొగ వస్తదా?” అంది మధ్యవర్తితో. అంతే, సంబంధం పోయింది. రాసినవాడికి అయిన ఖర్చు 15 పైసలు. తక్కిన పనంతా ఆ సామెత చేసింది. పొగ పెట్టేవాడు ఒకడుంటాడని మాత్రం ఏ సామెతా చెప్పదు.

మరి పేరు దాచినవాళ్ళంతా కాకులేనా? ఆ మాట నేను అనను. గడీల కాలంలో దొర మీద అర్జీ పెట్టుకునే వెట్టివాడు కింద పేరు రాస్తే మిగిలేవాడా? సినిమాలో పెద్ద డాక్టరు వేలాడే దీపాన్ని అటూ ఇటూ ఊపి, వెలుగెక్కడ, చీకటెక్కడ, హద్దు చూపించమంటాడు. చిన్న డాక్టరు దాన్ని ఆపబోయి చెయ్యి కాల్చుకుంటాడు. అయితే ఊగే దీపం కింద కూడా ఒక తేడా నాకు కనిపిస్తూనే ఉంది. బలహీనుడు బలవంతుడి మీద రాసేది జరిగిన పని గురించి, వెళ్ళి విచారించుకోవచ్చు. కాకి రాసేది శీలం గురించి. దానికి జవాబు చెప్పుకునే దారే ఉండదు.

పేరులేని ఫిర్యాదుల మీద చర్యలు వద్దని 1999లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆదేశించింది. ఆఫీసులకి సరే, ఇళ్ళకి ఎవరు ఆదేశాలిస్తారు చెప్పండి? ఇప్పుడు కార్డు కూడా కొననక్కర్లేదు. ఎవరన్నారో తెలీని మాట ఫోన్లో వచ్చి వాలుతుంది. మనమే పదిమందికి పంచిపెడతాం.

చూడకుండా ఉండటం మానవమాత్రులకి సాధ్యం కాదేమో. కానీ చూసింది మనదగ్గరే ఆపెయ్యడం సాధ్యమే. ఆ పిల్ల పెళ్ళి ఆగడానికి కాకి ఒక్కటే చాలలేదు, మంచావిడ ఒకరు కావలసి వచ్చింది.