క్షమించే ముందు అది ఎవరి సొమ్మో చూడండి

పరుల బిడ్డలను తమ ఇంట ఉంచుకొని పెంచేవారు ఏటా పొందవలసిన శిక్షణకు రాకపోతే, ‘పోనీలే, మంచివాళ్లు’ అనుకొని మినహాయింపు కాగితం మీద సంతకం చేసే అధికారులారా, ఈ నాలుగు మాటలు మీకు.

మీ మనసు మెత్తనిది. దాన్ని తప్పుపట్టను. కాలిఫోర్నియాలో ఫోస్టర్ కేర్ కింద బిడ్డను చేరదీయదలచినవారు ఆమోదానికి ముందు 12 గంటలు, ఆ తర్వాత ఏటా 8 గంటలు శిక్షణ పొందాలి. 8 గంటలంటే ఒక్క పనిదినం. అంతమాత్రం ఎందుకు కుదరలేదని అడిగితే వారు చెప్పే కారణాలు చాలావరకు నిజాలే. ఆ రోజే కోర్టు వాయిదా ఉంది. కన్నతల్లి వచ్చి బిడ్డను చూసుకునే రోజు కూడా అదే. చంటివాడికి జ్వరం. భర్తకు రాత్రి షిఫ్టు. ఇంతమంది పిల్లలను ఎవరి మీద వదిలి రావాలి?

ధర్మసూక్ష్మం ఇక్కడే ఉంది. ఆ 8 గంటలు మీకు రావలసిన బాకీ అయితే మాఫీ చేసే హక్కు మీకుండేది. అవి ఆ బిడ్డకు రావలసినవి. బిడ్డను అడగకుండా బిడ్డ హక్కును వదిలేయడం అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే. పెంచేవారికి బిడ్డ అవసరాలకు తగిన జ్ఞానమూ నేర్పూ ముందే కలిగించాలని, బిడ్డ ఇంటికి వచ్చాక కూడా అవసరం మేరకు ఆ శిక్షణ కొనసాగాలని అమెరికా ఫెడరల్ చట్టం 1999లోనే రాష్ట్రాలకు విధించింది. గంటల లెక్క రాష్ట్రాలకు వదిలింది గానీ బాధ్యతను వదల్లేదు.

‘ముగ్గురిని కని పెంచాం, మాకు కొత్తగా నేర్పేదేముంది?’ అనేవారుంటారు. వారికి వినయంగానే జవాబు చెప్పండి. పసిబిడ్డలను బోర్లా పడుకోబెట్టడమే మేలని ఒకప్పుడు పెద్దలే కాదు, డాక్టర్లూ చెప్పారు. 1992లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఆ మాట మార్చింది. 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం సాగింది. తర్వాతి ఏళ్లలో నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే శిశువుల సంఖ్య సుమారు సగానికి తగ్గింది. తల్లులు బోర్లా పడుకోబెట్టింది ప్రేమ తక్కువై కాదు, కబురు అందక. సీపీఆర్ కూడా అంతే. ముందు శ్వాస మార్గం, ఊపిరి చూడమన్న వరుసను 2010లో మార్చి, ముందు ఛాతీ నొక్కమన్నారు. పాత పాఠం పట్టుకున్నవారు ఆ ముఖ్యమైన క్షణాలను పోగొట్టుకుంటారు.

ఇవి ప్రాణాల సంగతులు గనుక ఎవరైనా ఒప్పుకుంటారు. మనసు సంగతి ఇంతకన్నా కష్టం. ఆరేళ్ల పిల్లవాడు కొత్త ఇంటికి వచ్చాడనుకోండి. మూడోవారం దుప్పట్లు ఉతుకుదామని తీస్తే దిండు కింద బూజు పట్టిన బ్రెడ్డు ముక్కలు, నలిగిన చీజ్ పొట్లం, సగం కొరికిన ఆపిల్. అన్నం పెట్టిన చేతికి ఇది అవమానంగా తోస్తుంది. ‘అడిగితే పెట్టనా? దొంగతనం ఎందుకు?’ అని గద్దిస్తుంది, ఫ్రిజ్‌కు తాళం వేస్తుంది. ఆ బిడ్డ లోకంలో తిండి ఒకరోజు ఉండేది, మూడు రోజులు ఉండేది కాదు. తాళం చూడగానే వాడు భయపడ్డదే నిజమైంది. శిక్షణలో కూర్చున్న తల్లి ఏం చేస్తుంది? ఏమీ అనదు. వాడి మంచం పక్కన ఒక బుట్టలో బిస్కెట్లు, పండ్లు పెట్టి, ఇది నీదే అంటుంది. అది ఖాళీ కాకుండా చూస్తుంది. ఈ తల్లికి ఆ తాళం వేసిన తల్లికన్నా గుండె పెద్దదేం కాదు. ఎవరో చెప్పారు, ఆమె విన్నది, అంతే.

మనవడిని చేరదీసిన అమ్మమ్మ విషయంలో మీకు మరింత జాలి కలుగుతుంది, కలగాలి కూడా. బంధువుల ఇళ్లకు వేరే ప్రమాణాలు పెట్టుకోవచ్చని 2023లో ఫెడరల్ నియమం రాష్ట్రాలకు వీలు కల్పించింది. అది మంచి పని. గది కొలతలో, మంచాల లెక్కలో ఆమెకు సడలింపు ఇవ్వండి. కన్నకూతురి మీద దుఃఖంతో, ఆ కూతురి బిడ్డ కోపంతో ఒంటరిగా వేగుతున్న మనిషికి నేర్పు మాత్రం తగ్గించకండి. అందరికన్నా ఆమెకే అది ఎక్కువ కావాలి.

దయ చూపాలనుకుంటే మీ శ్రమతో చూపండి. ఆ పూట పిల్లలను చూసే మనిషిని ఏర్పాటు చేయండి. సాయంత్రం తరగతి పెట్టండి. అదీ కుదరకపోతే బోధకుణ్ణే ఇంటికి పంపండి. గడువు పొడిగించండి, గంటలు కొట్టివేయకండి. ఒకవైపు కూర ఉడుకుతుంటే ఇంకోవైపు వీడియో దానంతటదే నడిచి సర్టిఫికెట్ ఇచ్చేస్తే మాత్రం తృప్తిపడకండి. (దస్త్రానికి అది చాలు, బిడ్డకు చాలదు.) ఇన్ని చేసినా రానంటే, ఆ ఇంటికి ఇంకో బిడ్డను పంపకండి. కానీ అక్కడ కుదురుకున్న బిడ్డను పెద్దలకు బుద్ధి చెప్పడానికి పెకలించవద్దు. మాఫీ ఖరీదు బిడ్డ మీద పడకూడదన్నవారు శిక్షను ఆ బిడ్డ మీదికే ఎలా తోస్తారు?

మన దేశంలోనూ 2015 బాల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌కు దారి వేసింది. తెలుగు జిల్లాల్లో ఈ పని చూసేవారూ ఇప్పుడే ఈ అలవాటు పెట్టుకోవడం మంచిది. మినహాయింపు కాగితం బల్ల మీదికి వచ్చినప్పుడు ముందు ఆ ఇంటికి ఫోన్ చేయండి. ఏ రోజు, ఏ వేళ వీలవుతుందో అడగండి. అప్పుడు పిల్లలను ఎవరు చూస్తారో మీరే తేల్చండి. ఆ తేదీ కాగితం మీద రాసి, తర్వాత సంతకం చేయండి.