మూడో దారి

ఉద్యోగమో సంసారమో ముగిశాక ఒక స్త్రీ ఒంటరిగా దారి పట్టుకుని వెళ్లిపోతే దాన్ని ఏమనాలి? స్వేచ్ఛ అనాలా, దిక్కులేనితనం అనాలా? మన సంప్రదాయంలో దీనికి జవాబు దొరకదు, ఎందుకంటే అక్కడ ఈ ప్రశ్నే లేదు. గృహస్థుడు వయసు మళ్లాక అడవికి వెళ్లడం గురించి చెబుతూ మనుస్మృతి ఆరో అధ్యాయం భార్యకి రెండు దారులే చూపిస్తుంది. ఆమెని కొడుకులకి అప్పగించాలి, లేదా వెంట తీసుకుపోవాలి. తనంతట తాను బయల్దేరే మూడో దారి లేదు. చాకిరీకి విరమణ లేనిదానికి విరమణ తర్వాతి ప్రయాణం ఎక్కణ్ణించి వస్తుంది?

స్త్రీల యాత్రా రచనల మీద పనిచేస్తూ, ఈ మూడో దారిని వెతుక్కుంటూ నేను అమెరికా గురించిన రెండు పుస్తకాల దగ్గర ఆగిపోయాను. మొదటిది 1996లో వచ్చిన 'ఓవర్ ది నెక్స్ట్ హిల్'. రాసింది డరోతీ కౌంట్స్, డేవిడ్ కౌంట్స్ అనే మానవశాస్త్రవేత్తలు. అంతకుముందు పాపువా న్యూగినీలో పరిశోధన చేసిన ఈ దంపతులు, మంచం, పొయ్యి, సింకు అమర్చిన బండిలో తామూ ఉంటూ, ఇల్లే బండిగా తిరిగే రిటైరైన వాళ్ల జీవితాన్ని అధ్యయనం చేశారు. రెండోది 2017లో జెస్సికా బ్రూడర్ రాసిన 'నొమాడ్‌ల్యాండ్'. దీని ఆధారంగా క్లోయీ జావ్ 2020లో తీసిన సినిమాకి మరుసటి ఏడాది ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

మొదటి పుస్తకంలో నన్ను పట్టుకున్నది ప్రయాణం కాదు, పొరుగు. ఆ దేశపు ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులకి మించి ఒకేచోట బండి ఆపకూడదు. అంటే అక్కడి ఇరుగుపొరుగుకి ఆయుష్షు రెండు వారాలు. అయినా వండింది పంచుకుంటారు, బండి పాడైతే సాయం పడతారు. చేసిన సాయం చేసినవాళ్లకే తిరిగి రావాలని లేదు, ముందు ఇంకెక్కడో ఇంకెవరికో అందుతుంది. ఒంటరిగా తిరిగేవాళ్లకి 'లోనర్స్ ఆన్ వీల్స్' అనే సంఘం కూడా ఉంది. జంటలకి అందులో సభ్యత్వం లేదు. జంటకే విలువిచ్చే లోకంలో ఒంటరితనమే అర్హత అయిన చోటు ఒకటుందని చదివి నవ్వుకున్నాను, తర్వాత ఆలోచనలో పడ్డాను.

రెండో పుస్తకం ఆ నవ్వుని నిలవనివ్వదు. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత ఇంటి అద్దె కట్టలేక బండెక్కిన వాళ్ల కథ అది. అరవైల్లో ఉన్న లిండా మే క్యాంపు మైదానాల్లో మరుగుదొడ్లు కడుగుతుంది, అమెజాన్ గోడౌన్లో రాత్రుళ్లు పనిచేస్తుంది. ఆమెకి రిటైర్మెంట్ అంటే పని ఆగడం కాదు, పని వెంట తిరగడం.

ఈ దుస్థితికి మాంద్యం ఒక్కటే కారణం కాదు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌ని ఎక్కువ సంపాదించిన 35 ఏళ్ల సగటు మీద లెక్కిస్తారు. జీతం లేని ఏళ్లు ఆ లెక్కలో సున్నాలుగా చేరతాయి. పిల్లల్ని పెంచిన ఏడాది సున్నా. మంచానపడ్డ తల్లికి చేసిన ఏడాది సున్నా. విడాకులు తీసుకున్నామె మాజీ భర్త ఖాతా మీద పెన్షన్ పొందాలంటే ఆ పెళ్లి కనీసం పదేళ్లు నిలబడి ఉండాలి. తొమ్మిదేళ్ల కాపురానికి ఏమీ రాదు. ఇంటిచాకిరీకి విలువ కట్టమని మనం అడిగినప్పుడల్లా ప్రేమకి వెలకడతారా అన్నారు. వెల ఎప్పుడో కట్టారు. అది సున్నా.

మా పెద్దమ్మ రిటైరైన టీచరు. డాలస్‌లో కూతురు పురిటికి ఒకసారి, మనవడి కోసం ఇంకోసారి, ఆరేసి నెలలు ఉండొచ్చింది. సాయంత్రం పార్కులో తోటి తెలుగు అమ్మలు కలిసేవారట. ఇంట్లో చెప్పుకోలేనివి అక్కడ చెప్పుకునేవారట, ఎలాగూ వీసా అయిపోతే ఎవరి దారి వాళ్లదే కదా అని. పార్కు పక్కన ఆగిన అలాంటి బండిలో ఒక ముసలావిడని చూశానని చెప్పి నన్నడిగింది, "ఏమే, ఆవిడొక్కత్తే ఉంటుందా అందులో? మరి ఎవరికి వండుతుంది?"

"తనకే, పెద్దమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "జ్వరమొస్తేనో?" అంది.

ఈ వ్యాసంలో నేను పట్టుకోవాలనుకుంటున్న సమస్యంతా ఆ రెండు ప్రశ్నల్లో ఉంది. మొదటిది స్వేచ్ఛ గురించి, రెండోది సంరక్షణ గురించి. మనకి నేర్పింది ఏమిటంటే రెండోది కావాలంటే మొదటిది వదులుకోవాలని. ఎవరికో వండుతూ ఉంటేనే జ్వరమొచ్చినప్పుడు ఎవరో కాఫీ ఇస్తారని. కెరోల్ గిలిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' రాసినప్పుడు, స్త్రీల నైతికత సంబంధాల మీద నిలుస్తుందని మాత్రమే చెప్పి ఊరుకోలేదు. తాను పట్టించుకోవాల్సిన మనుషుల్లో తననీ చేర్చుకోవడమే ఎదుగుదల అంది. దారిలో కలిసే ఆ స్త్రీల స్నేహంలో నాకు కనిపించేది ఇదే. అక్కడ సాయం చెయ్యనని అనే వీలుంది, వెళ్లిపోయే వీలుంది. అయినా ఆగి చేసిన సాయానికి, తప్పక చేసిన సేవకి లేని నైతిక విలువ ఉంటుంది.

కానీ వెళ్లిపోయే శక్తే పోయినప్పుడు? టెక్సాస్‌లోనే, లివింగ్‌స్టన్ అనే ఊళ్లో దీనికి ఒక జవాబుంది. నర్సు అయిన కే పీటర్సన్ భర్తతో కలిసి 1978లో స్థాపించిన 'ఎస్కేపీస్' సంఘానికి అక్కడ ఒక సంరక్షణ కేంద్రం ఉంది. ఇక నడపలేనివాళ్లు తమ బండిని అక్కడ నిలుపుకుని, కొంత రుసుము కట్టి, తమ గూట్లోనే ఉంటారు. వండిపెట్టేది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది ఎక్కువగా ఇంకా తిరగగలిగిన తోటి ప్రయాణికులే. రక్తసంబంధం లేదు, కొడుకులకి అప్పగించడం లేదు. కొంతకాలం చేసి వాళ్లు వెళ్లిపోతారు, ఇంకొకరు వస్తారు. జ్వరమొస్తేనో అన్న ప్రశ్నకి కుటుంబం బయట కూడా జవాబు కట్టుకోవచ్చని ఇది చూపిస్తుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఆ స్త్రీలు దారిలో సృష్టించుకున్న గౌరవాన్ని చూపించి వాళ్లని రోడ్డు మీదికి నెట్టిన అన్యాయాన్ని మాఫీ చెయ్యకూడదు. సినిమాలోని అందమైన సాయంకాలాలు నన్ను ఇబ్బంది పెట్టింది అందుకే. గౌరవం వాళ్లు సంపాదించుకున్నది, సున్నాలు వాళ్లకి అంటగట్టినవి. ఒకదాన్ని మెచ్చుకుంటూ రెండోదానికి లెక్క అడగడం మానకూడదు. తిరిగి రావడానికి ఒక గది ఉండి కూడా బయల్దేరగలిగినప్పుడే అది మూడో దారి అవుతుంది. గది లేక బయల్దేరితే, అది మనువు చెప్పకుండా వదిలేసిన నాలుగోది.