డబ్బిచ్చినవారిదా, నీళ్ళు పోసినవారిదా?

రావిర్యాల పేరులోనే రావి ఉంది. ఇప్పుడు అక్కడికి వెళ్తే ముందు కనిపించేవి ఔటర్ రింగ్ రోడ్డు, వండర్‌లా, హార్డ్‌వేర్ పార్కు. ఆ చుట్టుపక్కల ఒక కంపెనీ డబ్బుతో మొక్కలు నాటే కార్యక్రమానికి ఒకసారి మా పిల్లల్ని తీసుకెళ్ళాను. మొక్కకొక పేరు పలక పెట్టారు. చివర అందరికీ ఫోటో తీశారు. పక్క తండా అవ్వ ఒకామె వచ్చి చూసి, "మంచిగుంది సారూ, ఎండాకాలం నీళ్ళెవరు పోస్తరు?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. మే నెలకు మొక్కలు ఎండిపోయాయి, పలకలు మిగిలాయి. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను. కాబట్టి తప్పంతా కంపెనీదే అనలేను.

డబ్బిచ్చి నాటించిన చెట్టు ఎవరిది? డబ్బు ఇచ్చేయగానే బాధ్యత తీరిపోతుందా?

డబ్బు చెడ్డదని నేననను. గుంత తీయాలన్నా, కంచె వేయాలన్నా ఖర్చే. కానీ ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారికి ఏ స్పాన్సరూ లేకుండానే పని మొదలైంది. గింజలు ఏరుకుని, సైకిల్ మీద తిరిగి నాటారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నాటడంతో ఆగలేదు, నాటినవాటిని చూసుకున్నారు.

అడవి భూమిని వేరే పనికి తీసుకున్నవారు డబ్బు కడితే, ఆ డబ్బుతో మొక్కలు పెంచడానికి 2016లో చట్టం వచ్చింది. లెక్కలో ఇది సరిపోవచ్చు. కానీ ఇప్పచెట్టు పూతకు రావడానికి పదేళ్ళయినా పడుతుంది. ఇక్కడ పువ్వు ఏరుకునే ఇంటికి, ఎక్కడో నాటిన నీలగిరి ఏమిస్తుంది? పోయినది ఒకరిదైతే పరిహారం ఇంకొకచోట పెరగడం న్యాయమా?

అరకు లోయలో పద్ధతి కొంత వేరు. నాంది ఫౌండేషన్ ఆదివాసీ రైతులతో వాళ్ళ భూముల్లోనే చెట్లు పెంచింది. డానోన్ లాంటి యూరప్ కంపెనీలు పెట్టుబడి పెట్టి కార్బన్ క్రెడిట్లు తీసుకుంటాయి. పండ్లు, కాఫీ రైతులవి. అక్కడి పొగకు ఇక్కడి చెట్టును చూపడం సరైనదా అన్న అనుమానం నాకు తీరలేదు. అయినా చెట్టు తనదైతే నీళ్ళెవరు పోస్తారని అడగాల్సిన పని రైతుకు ఉండదు.

2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడే, తిరిగి పెంచే హక్కును గ్రామసభకిచ్చింది. కాబట్టి ఎవరైనా మొక్కలిస్తామంటే గ్రామసభలో మూడు మాటలు అడగాలి. ఏ చెట్టో ఎవరు నిర్ణయిస్తారు? మూడు ఎండాకాలాలు నీళ్ళకు డబ్బుందా? పువ్వూ కాయా ఎవరివి? జవాబు లేకపోతే మర్యాదగా వద్దనాలి. ఊరికే వచ్చినదాన్ని కాదనడం కష్టమే. కానీ ఎండిన మొక్కను చూసిన పిల్లవాడు, నాటడమంటే ఫోటో అని నేర్చుకుంటాడు. ఆ పాఠం మనం చెప్పినట్టే.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. వేప, నేరేడు, ఇప్ప గింజలు రాలిన కొద్దిరోజుల్లోనే వేయాలి, ఆలస్యమైతే మొలవవు. పిల్లలతో ఏరించి బడిలోనే నారు పోయించండి. పది మొక్కలు చాలు. ఎవరు ఏ మొక్కకు నీళ్ళు పోస్తారో ముందే రాసుకోండి. ఈసారి ఆ అవ్వ అడిగితే చెప్పడానికి మన దగ్గర పేర్లుండాలి.